పదకొండో గోరు

డబ్బా ఒడిలోనే ఉంది. ఎల్లారెడ్డి బస్టాండులో ఎక్కిన దగ్గర్నుంచి నిరోష రెండు చేతులూ దాని మూత మీదే ఉన్నాయి, బస్సు గుంతలో పడ్డప్పుడల్లా అవి వాటంతట అవే బిగుసుకుంటున్నాయి, లోపల దూది ఉంది, దూది మడతల్లో పదకొండు చిన్న ప్లాస్టిక్ చట్రాలున్నాయి, చట్రానికొక గోరు చొప్పున దారాలతో కట్టి ఉంది, ఏదీ కదలదని తెలుసు, తెలిసినా చేతులు వినవు. కామారెడ్డికి ఇంకా గంట. అక్కడ మధ్యాహ్నం రైలు, మధ్యలో ఒకచోట మారితే రేపటికి ఇండోర్, ఎల్లుండి పొద్దున ఎనిమిదింటికి అక్కడి సింక్రోట్రాన్ అనే పెద్ద ఎక్స్‌కిరణాల యంత్రం దగ్గర షిఫ్టు. ఎనిమిదింటికంటే ఎనిమిదింటికే. ఎనిమిది గంటలకొక షిఫ్టు, మూడు షిఫ్టులు, దేశం నలుమూలల నుంచి అడిగేవాళ్ళ మధ్య ఏడాది కాచుకుంటే దొరికిన మూడు షిఫ్టులు. ఆ మూడింటికీ పోయేది నువ్వు కాదు అని బస్సెక్కే ముందు ఫోనులో వచ్చింది. నరేందర్ సార్ మెసేజీ. ఆయన తన పీహెచ్‌డీ గైడు, ఆయన సంతకం లేకుండా తన ఆరేళ్ళ చదువు చదువు కాదు. "డబ్బా స్టేషన్‌లో హరీష్‌కు ఇచ్చి నువ్వు ఇంటికి వెళ్ళు. ఈసారి అతను చూసుకుంటాడు. నీ శ్రమ వృథా కాదు, పేపర్లో కృతజ్ఞతలు చెప్తాం." కృతజ్ఞతలు. పేపరు చివర చిన్న అక్షరాల్లో, చదివేవాడు పేజీ తిప్పేసేచోట.

"చెల్లె, ఆ డబ్బ కింద పెట్టరాదు, పెద్దమ్మకు జాగ అయితది," అంది కండక్టరమ్మ. ఆడవాళ్ళకు జీరో టికెట్టు వచ్చిన్నుంచి పల్లెవెలుగులో నిలబడటానికి కూడా వంతే. నిరోష కిటికీ వైపు ఒదిగింది, పెద్దమ్మ సగం సీటు మీద సర్దుకుంది, డబ్బా మాత్రం దిగలేదు. "ఏముంది అండ్ల, బంగారమా?" అని కండక్టరమ్మ నవ్వింది. "సామాను అక్క," అంది నిరోష. గోర్లు అంటే ఏమయ్యేది? ఈ బస్సులో ఎవరి దగ్గరైనా పరాయి ఆడవాళ్ళ గోళ్ళు డబ్బా నిండా ఉన్నాయంటే లింగంపేట రాకముందే సగం బస్సు దిగిపోయేది, మిగతా సగం తననే దింపేసేది. గోరు, వెంట్రుక, కట్టి విడిచిన బట్ట, ఈ మూడూ పరాయి చేతికి పోవద్దు, పోతే బాణామతి, చిన్నప్పటి నుంచి విన్నదే. అవ్వ, తనను కన్న గౌరవ్వ, ఇప్పటికీ గోళ్ళు తీసుకుంటే వాటిని కాగితంలో చుట్టి పొయ్యిలో వేస్తుంది. మంగళవారం తీయదు, శుక్రవారం తీయదు, దీపం పెట్టినంక తీయదు. అలాంటి అవ్వ, అలాంటివాళ్ళే ఇంకో తొమ్మిది మంది ఆడవాళ్ళు, కత్తెర తామే పట్టుకుని తమ గోళ్ళు తామే తీసి తన అరచేతిలో పెట్టారు. బొటనవేలి గోళ్ళు. బీడీ చుట్టేవాళ్ళు కుడిచేతి బొటనవేలి గోరును పెంచుకుంటారు, బీడీ మూతి లోపలికి నొక్కి మడిచేది దాంతోనే, అది లేకపోతే మళ్ళీ పెరిగేదాకా చేయి మెత్తబడినట్టే, రోజుకు చుట్టే కట్టలు తగ్గినట్టే. అది తెలిసే అడిగింది, వాళ్ళూ తెలిసే ఇచ్చారు. అందులో పెద్దది నర్సవ్వ, డెబ్బై దాటిన మనిషి, అందరికంటే చివర ఇచ్చింది, ఇచ్చి చేయి వదల్లేదు. "బిడ్డా, నీ చేతిలకెళ్ళి ఇంకో చేతికి పోవద్దు. పనయినంక మల్ల తెచ్చి ఎవ్వలియి వాళ్ళకియ్యాలె. మాటేనా?" మాట అవ్వా, అన్నది తను. అంతే. కాగితం లేదు, సంతకం లేదు, ఆ చేతిలో తంబాకు వాసన, ఆ వాసన ఇప్పటికీ డబ్బా మూత మీద ఉన్నట్టే ఉంది.

ఈ మాట కోసమే ఆ ఇండోర్ యంత్రపు వెలుగును పట్టుకుంది, సార్‌కు అది గుర్తుందా? గోరులో సీసం ఉందా లేదా చూడటానికి హైదరాబాదులోనే మిషన్లున్నాయి, కానీ అవి గోరును ఆమ్లంలో కరిగించి చూస్తాయి, కరిగిన గోరును నర్సవ్వకు ఎట్లా తిరిగిస్తుంది, సీసాలో పోసి ఇస్తుందా? సింక్రోట్రాన్ వెలుగైతే గోరును తినదు. సన్నటి ఎక్స్‌కిరణం గోరు మీద పడుతుంది, లోపల ఏ లోహముంటే అది తన గుర్తున్న కిరణాన్ని తిరిగి పంపుతుంది, దాన్ని పట్టి రాసుకుంటే చాలు, గోరు గోరులాగే ఉంటుంది. మొదలు నుంచి కొస దాకా చూసుకుంటూ పోతే నెలల లెక్క తెలుస్తుంది, ఏ నెలలో ఎంత తంబాకు దుమ్ము, అందులోని సీసం ఒంట్లోకి పోయిందో, కార్ఖానా వాళ్ళు చేతులు కడుక్కోమని చెప్పి ఊరుకునే ఆ దుమ్ము. అవ్వ దగ్గు ఆ దుమ్ముదేనా? చెప్పడానికి కాగితం మీద ఒక గీత కావాలి, ఎత్తున లేచిన ఒక గీత. దరఖాస్తులో తనే రాసింది, నమూనాలు ఇచ్చినవాళ్ళకు తిరిగి ఇవ్వాలి గనుక పాడుచేయని పద్ధతి కావాలి అని. సార్ ఆ వాక్యం దగ్గర పెన్ను ఆపి నవ్వాడు, "మూఢనమ్మకం కూడా సైన్సు రాసిందన్నమాట" అని. అయినా వాక్యం కొట్టేయలేదు. కమిటీలో పెద్దలు ఆ దరఖాస్తు చదివి వంతు ఇచ్చారు. బాణామతి ఉందని తను నమ్మదు. నర్సవ్వ చేయి వదలకుండా పట్టుకోవడం మాత్రం ఉంది, అది తన మణికట్టుకు తెలుసు.

బయట మక్క చేలు, మక్క చేల వెనక గుట్టలు, గుట్టల మీద ఎండ. అవ్వకు ఈ సంగతి చెప్పడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. ఎలక్ట్రాన్లను గుండ్రటి గొట్టంలో తిప్పుతరు అవ్వా, వంపు తిరిగిన కాడల్లా వెలుగు చిమ్ముతది, ఆ వెలుగును చుట్టూరా ఒక్కో గదిలోకి తీస్తరు, ఎవ్వలకు ఏ గది కావాల్నో వాళ్ళు అడుక్కోని పోతరు. గౌరవ్వ చాటలో తునికాకు ఏరుతూనే అడిగింది, "ఎవ్వలడిగినా ఇస్తరా?" కాగితం రాసి అడగాలె, పెద్దలు చదివి నచ్చితే ఇన్ని గంటలని ఇస్తరు, ఆ గంటలు అయిపోంగనే పక్కోళ్ళు వస్తరు. "అంటే వంతు," అంది అవ్వ, తేల్చేసినట్టు. అవ్వ పుట్టిల్లు నాగిరెడ్డిపేట, పోచారం కాలువ నీళ్ళ కింద చివరి మడి, వంతు సంగతి ఆమెకు చెప్పేదేముంది. "వంతు వచ్చిననాడు మడి గలామెనే గట్టు మీద నిలవడాలె. మా యమ్మ జరమొచ్చినా పార వట్టుకోని నిలవడేది. పక్కోన్ని నిలవెడితె నీళ్ళు పక్కోని మడిలకే పోతయి." అవ్వ అప్పుడు సార్ సంగతి తెలిసి అనలేదు. హరీష్ అనే జూనియరు ఉన్నాడని కూడా ఆమెకు తెలియదు. కానీ బస్టాండులో ఫోను చూసినప్పటి నుంచి ఆ మాటే తిరుగుతోంది, పక్కోని మడి, పక్కోని మడి, బస్సు గేరు మారినప్పుడల్లా.

ఫోను మోగింది. సార్. పెద్దమ్మ తలతిప్పి ఫోను వైపు చూసి తన వైపు చూసింది. నిరోష మోగనిచ్చింది. అది ఆగాక చేతుల కింద డబ్బా ఎక్కువ బరువనిపించింది. ఎప్పుడైనా సార్ ఫోను ఎత్తకుండా ఉందా? లేదు. సార్ ఆదివారం రమ్మంటే వచ్చింది, వాళ్ళింటికి పుస్తకాలు మోసింది, ఇంట్లో మొదటి డిగ్రీ తనది, ఆ డిగ్రీ మీద ఇంకో డిగ్రీ, బాపు భీవండిలో మగ్గం దగ్గర నుంచి ఫోను చేసి "సార్ చెప్పినట్టు విను బిడ్డా" అని తప్ప వేరే మాట అనడు. విన్నది. ఆరేళ్ళూ విన్నది.

పోయినేడు మొదటిసారి పోయినప్పుడూ సార్ చెప్పినట్టే హరీష్‌ను వెంట పెట్టుకుని పోయింది. గేటు దగ్గర పేర్ల జాబితాలో తన పేరు ముందే ఉంది, నిరోష అని పూర్తిగా రాసి ఉంది, కానిస్టేబులు వేలు ఆ పేరు మీద ఆగితే ఒళ్ళు ఝల్లుమంది. ఛాతీకి పెట్టుకొమ్మని చిన్న బిళ్ళ ఇచ్చారు, ఒంటికి ఏమైనా రేడియేషన్ తగిలితే అది లెక్కపెట్టుకుంటుందట. లోపల ఆ హాలు కామారెడ్డి మార్కెట్ యార్డును ఎత్తి పైకప్పు కింద పెట్టినంత ఉంది, నడుమ మందపాటి సిమెంటు గోడ గుండ్రంగా, గోడ వెనక కనిపించని వెలుగు తిరుగుతుంటుంది, గోడ చుట్టూ సీసపు తలుపుల చిన్న గదులు. నమూనా పెట్టి బయటికి వచ్చే ముందు గదిలో నాలుగు మూలలూ తిరిగి ఎవరూ లేరని చూసి, లోపలి మీట నొక్కి, గంట మోగుతుండగా తలుపు మూయాలి, అప్పుడే కిరణం తెరుచుకుంటుంది. ఆ వరస తప్పితే ఆ యంత్రం మన మాట వినదు. ఎవరెవరో వచ్చేవాళ్ళు, కలకత్తా నుంచి బ్యాటరీ పొడి తెచ్చిన ఇద్దరు, కేరళ నుంచి నది ఇసుక తెచ్చిన ఒకామె, పాత కుండపెంకులు తెచ్చిన ముసలాయన, ఒకరి కత్తెర ఒకరు తీసుకునేవారు, ఒకరి బిస్కెట్లు ఒకరు తినేవారు. ఒకసారి వెలుగు పోయింది. గొట్టంలో తిరిగేది తిరగడం ఆగిపోతే అన్ని గదుల వాళ్ళూ ఒక్కసారే బయటికి వచ్చి గోడకున్న తెర వైపు చూస్తూ నిలబడ్డారు, కరెంటు పోతే ఊరంతా గడపల్లోకి వచ్చినట్టు. మళ్ళీ వచ్చేదాకా కుండపెంకుల ముసలాయన అందరికీ టీ తెప్పించాడు. షిఫ్టు అయ్యే వేళకు తర్వాతి వాళ్ళు తమ డబ్బాలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడతారు, ఏమీ అనరు, నిలబడతారు, అంతే. ఇచ్చి లేవాలి. రిజిస్టరులో ఎవరి చేత్తో నమూనా పెట్టారో వాళ్ళే పేరు రాయాలి, ఎక్కడి నుంచో రాయాలి. తను నిరోష, ఎల్లారెడ్డి అని రాసింది. పై వరసలన్నీ చూస్తే అందరూ యూనివర్సిటీల పేర్లు రాశారు. సిగ్గేసి ఎల్లారెడ్డిని కొట్టేసి యూనివర్సిటీ పేరు రాసింది. ఎందుకు కొట్టేసింది? ఊరు అబద్ధమా?

అప్పటి మొదటి షిఫ్టులోనే ఆ తప్పు జరిగింది. తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి, ఇప్పుడూ వేడెక్కాయి, కిటికీ గాలి తగులుతున్నా. గోళ్ళను పట్టుకోవడానికి ఏం వాడాలి అనుకుని, ఇంట్లో అందరి వేళ్ళకూ ఉండే తెల్ల ప్లాస్టరు వాడింది. బీడీ దారం వేలిని కోస్తుంది, అందుకని ప్రతి ఆడమనిషి చూపుడువేలికి ఆ ప్లాస్టరు ఉంటుంది, అవ్వ దిండు కింద ఎప్పుడూ ఒక ప్లాస్టరు చుట్ట ఉంటుంది, గోరుకు అంతకంటే దగ్గరిది ఏముంది అనుకుంది. వరసగా ఆరు గోళ్ళు కొలిచారు, ఆరింటిలోనూ జింకు గీత, ఒకే ఎత్తున. హరీష్ సంబరపడ్డాడు. ఆ గదిని చూసుకునే సైంటిస్టు అబ్రాహాము గారు, గుంటూరు వైపు ఆయన, తెర వైపు చాలాసేపు చూసి నెమ్మదిగా అన్నాడు, "అమ్మా, ఆరుగురికీ ఇంత సరిసమానంగా ఉందంటే అది గోళ్ళది కాదు. నువ్వు దేనికి అంటించావు?" ప్లాస్టరు జిగురులో ఉండేదే జింకు. ఒక షిఫ్టంతా ప్లాస్టరును కొలిచింది. జిగురు గోళ్ళకు పట్టుకుని వదల్లేదు, మిగతా షిఫ్టులూ పోయాయి. తిరిగి వచ్చి ఆ గోళ్ళను అట్లాగే ఎవరివి వాళ్ళకిచ్చింది, ఏం తేలలేదని చెప్పింది, నర్సవ్వ గోరును కొంగున ముడేసుకుని, "మల్ల పెరుగుతది తియ్, అప్పుడు రా," అన్నది. సార్ మాత్రం ఆ రోజు నుంచి డిపార్టుమెంటులో ఎవరొచ్చినా నవ్వుతూ చెప్పేవాడు, మా నిరోష గోళ్ళకు ప్లాస్టరేసింది అని. వాళ్ళు నవ్వితే తనూ నవ్వింది. రెండోసారి దరఖాస్తు తనే రాసింది. మళ్ళీ పెరిగిందాకా ఆగి మళ్ళీ అడిగింది. దారపు ఉపాయం అవ్వది. అంటించుడెందుకు, కట్టరాదా అన్నది. చట్రం నడుమ బెజ్జం, బెజ్జం మీద గోరు గాలిలో నిలిచేటట్టు నాలుగు కొసల నుంచి నాలుగు దారాలు, రంగు లేని దారం, కడిగి ఆరబెట్టింది, అవ్వ వేళ్ళు బీడీకి ముడి వేసినట్టే చూడకుండా ముడి వేశాయి. ఫొటో పంపితే అబ్రాహాము గారు ఫోను చేసి, కిరణం దారిలో గోరు తప్ప ఇంకేం లేదు, ఇది ఎవరు చేశారమ్మా అని అడిగాడు. మా అవ్వ సార్, అంది తను. ఆ వేళ్ళ పని కృతజ్ఞతల్లో ఏ వరసలో వస్తుంది?

తాడ్వాయి దాటుతుంటే మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తింది.

"నిరోషా, మెసేజ్ చూశావా? స్టేషన్ దాకా వస్తే చాలు. హరీష్ స్టేషన్‌లో ఉంటడు."

"చూసిన సార్. జాబితాలో ఇద్దరి పేర్లున్నయి. మేమిద్దరం పోతం."

"వాడొక్కడు చాలు. పోయినసారి నువ్వేం చేశావో మరిచిపోయినవా? మూడు షిఫ్టులు మళ్ళీ పోగొడితే ల్యాబ్‌లో నా పేరేమైతది? వాడు నీకంటె జూనియరే గని ఈ డిసెంబర్ల థీసిస్ ఇయ్యాలె, నువ్వింకో ఏడాది ఆగొచ్చు. పైగా రాత్రి షిఫ్టులు, ఆడపిల్లవు."

"ఆ గోర్లు ఇంకో చేతికి ఇయ్యనని మాటిచ్చిన సార్."

అవతల నుంచి నవ్వు వినిపించింది, డిపార్టుమెంటులో నవ్వే నవ్వే. "బాణామతికి భయపడే పిల్లకు నేను పీహెచ్‌డీ ఇప్పిస్తున్ననా? విను. డబ్బా ఇచ్చి ఇంటికి పో. రైలెక్కినవనుకో, మళ్ళ నా గదికి రాకు. వేరే గైడును చూసుకో."

ఫోను ఆగింది. పెద్దమ్మ కిటికీలోంచి చూస్తున్నట్టు చూస్తోంది గానీ చెవులు ఇటే ఉన్నాయి. వేరే గైడు. డిపార్టుమెంటులో సార్‌కు ఎదురుపోయి తనను తీసుకునేవాళ్ళెవరు, ఒకరుంటారేమో, ఉండకపోవచ్చు, ఆరేళ్ళు, బాపు మగ్గం, ఊళ్ళో అందరూ డాక్టరమ్మ అని పిలవడం, సూది వేస్తావా అని ఆటపట్టించడం, అన్నీ ఒక్కసారే ముందుకు వచ్చాయి. డబ్బా ఇచ్చేస్తే? హరీష్ చెడ్డవాడు కాదు, దారాలు చెడగొట్టడు, లెక్కలు బాగానే వస్తాయి, గీత ఎత్తున లేస్తుంది, రిజిస్టరులో హరీష్ అని రాస్తాడు. గోళ్ళు సార్ అలమారలో ఏ అరలోనో ఉంటాయి, నర్సవ్వ అడుగుతుంది, అడిగి ఊరుకుంటుంది, ఇంకెవరు వచ్చి అడిగినా చేయి చాపదు, ఊళ్ళో ఏ ఆడమనిషీ చాపదు. గీత ఉంటుంది, ఆ గీత ఏం చెప్పిందో వినడానికి మనుషులుండరు. నిరోష డబ్బాను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. సార్‌కు తెలియనిది ఇంకొకటుంది. సార్ లెక్కలో గోళ్ళు పది. ఇంటర్ చదివేటప్పుడూ డిగ్రీ చదివేటప్పుడూ పొద్దున కాలేజీకి పోయేదాకా తనూ చుట్టింది, సెలవులకు వస్తే ఇప్పటికీ చుడుతుంది. మొన్న పది మందివీ కట్టడం అయ్యాక అవ్వ కత్తెర తన వైపు జరిపింది. ఏమీ అనలేదు. నిరోష తన బొటనవేలి గోరు తీసి పదకొండో చట్రంలో కట్టుకుంది.

కామారెడ్డిలో రెండో ప్లాట్‌ఫారం మీద హరీష్ రెండు సీసాల నీళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాడు, తన కంటే నాలుగేళ్ళు చిన్న, సార్ ఏం చెప్పినా తల ఊపే రకం, ఇప్పుడు తల ఎటు ఊపాలో తెలియనట్టున్నాడు. "అక్క, సార్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నడు. డబ్బ ఇయ్యమన్నడు. నేనైతే అడగలే అక్క, ఒట్టు. ఆ దారాలు చూస్తెనే నాకు బుగులైతది." చేతులు చాపాడు, చాపి మళ్ళీ సగానికి దించాడు. నిరోష భుజాన్నుంచి బట్టల సంచి తీసి ఆ చేతుల్లో పెట్టింది. "ఇది పట్టుకో. రాత్రి షిఫ్టు ఒక్కదానితోని కాదు, నువ్వు గూడ రావాలె. సార్‌కు ఫోన్ కలిపి నాకియ్యి."

సార్ ఒక్క మోతకే ఎత్తాడు. "ఆ హరీష్, తీసుకున్నవా?"

"నిరోషను సార్. డబ్బల పది లేవు, పదకొండున్నయి. పదకొండోది నాది. నా గోరు నేనే తీస్కపోత. పనయినంక ఎవ్వలియి వాళ్ళకిచ్చి, నాది నేను తీసుకోని, అప్పుడు మీ గదికి వస్త. తలుపు తీయకుంటె బయట నిలవడ్త. నాకు అలవాటే సార్, వంతుల నిలవడుడు." ఫోను హరీష్‌కు తిరిగిచ్చేసింది, అవతల ఇంకా ఏదో వినిపిస్తూనే ఉంది, హరీష్ దాన్ని చెవికి దూరంగా పట్టుకుని "సార్, రైలొచ్చింది సార్," అన్నాడు. నిజంగానే వచ్చింది.

రైలుపెట్టె కిక్కిరిసి ఉంది. ఒక సీటులో నలుగురు సర్దుకున్న చోట అంచున కూర్చుంది, డబ్బా ఒడిలో పెట్టుకుంది, చేతులు మూత మీద పెట్టింది. గోరు తీసిన బొటనవేలు బోసిగా ఉంది. రిజిస్టరులో ఈసారి ఎల్లారెడ్డి అనే రాస్తుంది, కొట్టేయదు, అబ్రాహాము గారు చూస్తే చూడనీ. రైలు కదిలింది. ఎదుటి సీటులో నిజామాబాదు పోయే పెద్దమనిషి కాళ్ళు చాపుకోవడానికి జాగా చూసుకుంటూ, "బిడ్డా, ఆ డబ్బ కింద పెట్టరాదు. ఏముంది అండ్ల?" అన్నాడు.

"గోర్లు," అంది నిరోష. గట్టిగానే అంది. "మా ఊరి ఆడోళ్ళయి, పదకొండు. ఒకటి నాది."

పెద్దమనిషి చాపిన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. పక్కనున్న ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుని, సంచులు తీసుకుని, తలుపు దగ్గర గాలి బాగుందంటూ లేచి పోయారు. హరీష్ కాసేపు అట్లాగే నిలబడి, తర్వాత నవ్వాపుకుంటూ వచ్చి ఖాళీ అయిన చోట కూర్చున్నాడు. నిరోషకు కిటికీ దొరికింది. పక్కన ఇంకో మనిషి పట్టేంత జాగా ఉంది. అయినా డబ్బా ఒడిలోనే ఉంది.